చక్కరొచ్చి పడ్డ ఆడపిల్ల గుండెను ఎవరు చూడాలి?

మా నిజామాబాద్ వైపు ఆడపిల్ల స్పృహ తప్పి పడిపోతే 'చక్కరొచ్చి పడ్డది' అంటారు. నవీపేట్‌ శనివారం మేకల సంతలో పడినా, బోధన్ వైపు చెరుకు తోటలో పడినా, బీడీల చాట ముందు కూర్చున్నచోటే ఒరిగిపోయినా అదే మాట. ఆ మాట తర్వాత ఏం జరుగుతుందన్నది మాత్రం ఆమె వయసును బట్టి, పెళ్లయిందా లేదా అన్నదాన్ని బట్టి, ఇంట్లో ఆమె స్థానాన్ని బట్టి ఉంటుంది. పెళ్లికాని పిల్లయితే సంగతి బయటికి పొక్కకుండా చూస్తారు. కోడలైతే పని ఎగ్గొట్టడానికి నాటకం అంటారు. బాలింతయితే గాలి సోకిందంటారు. నలభైకి దగ్గర పడితే గర్భసంచి తీయించుకొమ్మంటారు.

ఈ జాబితాలో గుండె లేదు. ఆడదాని గుండె మన సమాజంలో ప్రేమకు, ఓర్పుకు, దుఃఖానికి గుర్తు. అది ఒక కండరమనీ, దానికొక లయ ఉంటుందనీ, ఆ లయ ఒక్కసారిగా తప్పితే మనిషి పది సెకన్లలోపే నేలకూలుతుందనీ ఎవరికీ తట్టదు. వయసులో ఉన్నవాళ్లు స్పృహ తప్పి పడిపోవడానికి అనేక కారణాలుంటాయి. వాటిలో ఎక్కువభాగం ప్రాణాంతకం కాదు. కానీ ప్రాణాంతకమైన కొన్నింటిని పట్టుకోవడానికి కావలసింది ఒక చిన్న పరీక్ష, రెండు మూడు ప్రశ్నలు. ఆ పరీక్ష ఆడపిల్లలకు ఎందుకు అందడంలేదు? ఆ ప్రశ్నలు ఎందుకు ఎవరూ వేయడంలేదు? ఇది వైద్యానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు, హక్కులకు సంబంధించిన విషయం అని చెప్పడానికే ఈ వ్యాసం. అయితే ఇతరుల మీద ఆరోపణలు చేసేముందు నా మీద నేను ఒక ఆరోపణ చేసుకోవలసి ఉంది.

నా సిద్ధాంత వ్యాసంలో రెండు పేజీలు

మా అమ్మ చెల్లెలు, నేను చిన్నమ్మ అని పిలిచిన మనిషి, 1994లో చనిపోయింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు, నాకు 15. పెళ్లికాక ముందు నుంచీ ఆమె పడిపోతుండేది. బోనాల నాడు డప్పు ఒక్కసారిగా మొదలయ్యేసరికి గుంపులో కూలిపోవడం నేను కళ్లారా చూశాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు 'శివమెత్తింది' అన్నారు. పసుపు రాశారు, వేపమండలు పట్టుకొచ్చారు, 'ఎవరమ్మా నువ్వు, ఏం గావాలె' అని అడిగారు. చిన్నమ్మ ఏమీ చెప్పలేదు. రెండు నిమిషాలకు లేచి కూర్చుని, చీర సర్దుకుని, సిగ్గుపడి ఇంటికి నడిచి వచ్చింది.

మొదటి కాన్పయిన నెలకు, అర్ధరాత్రి వంటింట్లో ఇత్తడి బిందె దొర్లిపడ్డ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడి లేచి, అట్లాగే వెనక్కి పడిపోయింది. మళ్లీ లేవలేదు. 'బాలింత గాలి' అన్నారు. చంటిపిల్లను మేనత్త పెంచింది.

తర్వాత నేను సమాజశాస్త్రం చదివాను. తెలంగాణ గ్రామాల్లో స్త్రీల పూనకాల మీద డాక్టరేట్ చేశాను. ఐ.ఎం. లూయిస్ 1971లో చెప్పిన సిద్ధాంతం మాకందరికీ అప్పుడు చాలా ఇష్టమైనది: అధికారం లేనివాళ్లు, ముఖ్యంగా స్త్రీలు, పూనకం ద్వారా తమ నిరసన చెప్పుకుంటారని. ఆ చూపులో నిజముంది. అత్తను నేరుగా అడగలేని కోడలు ఎల్లమ్మ నోటితో అడగటం నేను ఎన్నో ఊళ్లలో రికార్డు చేశాను. ఆ వ్యాసంలో చిన్నమ్మ గురించి కూడా రెండు పేజీలు రాశాను, పేరు మార్చి. పూనకం వచ్చినవాళ్లు మాట్లాడతారు, ఆడతారు, కోరికలు కోరతారు. చిన్నమ్మ ఒక్కమాట కూడా అనలేదు. నేను ఆ మౌనానికి కూడా అర్థం చెప్పాను. 'మాటకు కూడా చోటులేని స్త్రీ దేహం మౌనంగా చేసిన తిరస్కారం' అని రాశాను. పరీక్షకులు ఆ వాక్యాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఇప్పుడు నన్ను చిన్నమ్మ అని పిలిచే పిల్ల ఉంది, మా అక్క బిడ్డ. 2022లో, ఆమెకు 18 ఏళ్లప్పుడు, తెల్లవారుజామున తలదగ్గర పెట్టుకున్న ఫోన్ అలారం మోగగానే లేవబోయి మంచం మీద నుంచి కిందపడింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నిమిషంలో తేరుకుంది. మా బావ బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. 1930లలో కట్టిన ఆ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటువాళ్ల చేతికిచ్చారు, 2015 డిసెంబరులో అది మూతపడింది. ఉద్యోగంతోపాటు రోగమొస్తే చూపించుకోగలమన్న ధీమా కూడా పోయింది. నవీపేట్‌కు తిరిగొచ్చిన ఆ ఇల్లు అక్క చుట్టే బీడీల మీద నడుస్తోంది. అయినా అప్పుచేసి ఒక డాక్టరుకు చూపించారు. తలకు పరీక్ష చేయించారు. అందులో ఏమీ కనిపించలేదు. అయినా ఫిట్స్ అన్నారు, గోళీలు రాశారు. రెండేళ్లు ఆ గోళీలు మింగింది. ఆ రెండేళ్లలో మరో నాలుగుసార్లు పడింది. పడినప్పుడల్లా గోళీల మోతాదు పెంచారు.

2024లో కడుపునొప్పి వచ్చి అపెండిక్స్ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. మత్తు ఇచ్చే డాక్టరు ఆపరేషన్‌కు ముందు ఈసీజీ తీయించమన్నాడు. ఆ పిల్ల ఛాతీకి తీగలు పెట్టడం అదే మొదటిసారి. కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అక్కను ఒక ప్రశ్న అడిగాడు: 'మీ ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి ఎవరైనా చనిపోయారా?'

మూడు దశాబ్దాల్లో ఆ ప్రశ్న మా కుటుంబాన్ని అడిగిన మొదటి మనిషి ఆయన. పరిశోధకురాలినై, స్త్రీవాదినై, చిన్నమ్మ జీవితాన్ని ఇంత దగ్గరగా చూసిన నేను కూడా ఆ ప్రశ్న అడగలేదు. ఆమె దేహాన్ని ఒక పాఠంలా చదివానే తప్ప, దేహంగా చూడలేదు.

గుండె చేసే పని

ఆ పిల్లకు ఉన్నది లాంగ్ క్యూటీ అనే గుండెలయ జబ్బు. ప్రతిసారీ కొట్టుకున్న తర్వాత గుండె కండరం మళ్లీ విద్యుత్తును కూడదీసుకుని తర్వాతి దెబ్బకు సిద్ధం కావాలి. ఈ మొత్తం వ్యవధిని ఈసీజీలో క్యూటీ అనే కొలతతో గుర్తిస్తారు. నాడివేగాన్ని బట్టి సరిచేసి చూసినప్పుడు ఇది స్త్రీలలో 460 మిల్లీసెకన్లు దాటితే ఆలోచించాలి. మా పిల్లకు 510 ఉంది. కూడదీసుకోవడం పూర్తికాక ముందే మరో దెబ్బ పడితే లయ చెదిరిపోతుంది. గుండె కొట్టుకోవడం మాని వణుకుతుంది. మెదడుకు రక్తం అందదు. మనిషి పడిపోతుంది. మెదడుకు ప్రాణవాయువు అందకపోవడంవల్ల కాళ్లూ చేతులూ కొట్టుకోవచ్చు. లయ దానంతటదే సర్దుకుంటే ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. సర్దుకోకపోతే చనిపోతుంది.

ఈ జబ్బుకున్న ఒక్కొక్క లక్షణానికీ మన సమాజం ఒక్కొక్క తప్పుడు అర్థం సిద్ధం చేసి పెట్టుకుంది. ఉన్నట్టుండి వినబడిన చప్పుడుకు, భయానికి, అర్ధరాత్రి ఉలికిపాటుకు పడిపోవడం ఇందులో ఒక రకానికి ముఖ్యమైన లక్షణం. మనకది దయ్యానికి సాక్ష్యం. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం ఫిట్స్‌కు సాక్ష్యం. నిమిషంలో తేరుకుని మామూలుగా మాట్లాడటం నాటకానికి సాక్ష్యం. అసలు ఫిట్స్ వచ్చిన మనిషి చాలాసేపు అయోమయంగా, మగతగా ఉంటుంది. గుండె ఆగి పడిన మనిషి త్వరగా తేరుకుంటుంది. అంటే, ఏ గుర్తు చూసి డాక్టరు గుండెను అనుమానించాలో, సరిగ్గా అదే గుర్తు చూసి ఇంట్లోవాళ్లు 'దొంగ ఏషాలు' అంటున్నారు.

ఇది మన వెనుకబాటుతనం మాత్రమే అనుకోవద్దు. 1856లోనే జర్మనీలో మైస్నర్ అనే వైద్యుడు ఒక బధిర బాలిక గురించి రాశాడు. బడిలో అందరి ముందు మందలిస్తుండగా ఆ పిల్ల కూలి చనిపోయింది. తల్లిదండ్రులు ఆశ్చర్యపోలేదు, ఎందుకంటే వాళ్ల పిల్లల్లో ఇద్దరు అంతకుముందే అట్లా పోయారు, ఒకరు హడలిపోయి, ఒకరు కోపం పట్టలేక. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సెన్ అనే వైద్యులు ఒకే కుటుంబంలో పుట్టుచెవుడుతోపాటు స్పృహ తప్పి పడిపోయే నలుగురు పిల్లలను వర్ణించారు. ముగ్గురు హఠాత్తుగా చనిపోయారు. చెవుడు లేకుండా వచ్చే రకాన్ని 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండ్‌లో వార్డ్ గుర్తించారు. అంటే మా చిన్నమ్మ చనిపోయేనాటికి ఈ జబ్బు పుస్తకాలకెక్కి ముప్పై ఏళ్లు దాటింది. సుమారు రెండువేల మందిలో ఒకరికి ఇది ఉంటుందని నేటి అంచనా.

చెవుడుతో కలిసి వచ్చే రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండువైపులా దోషం అందితేనే వస్తుంది. కాబట్టి మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు సాధారణమైన మనచోట దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. చెవిటిపిల్ల పడిపోతే ముందు గుండె చూడాలి. చెవుడు లేని రకం తల్లి నుంచి రావచ్చు, తండ్రి నుంచి రావచ్చు. ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఇది తెలిసిన తర్వాత కూడా మా అక్క అత్తగారు 'మీ తల్లిగారింటి రోగం మా ఇంటికి దెచ్చినవు' అన్నది. వంశం పేరు తండ్రిదట, రోగం మాత్రం తల్లిదట!

వైద్యం చూసే చూపు

దయ్యం అన్నవాళ్లను వెక్కిరించడం సులభం. హేతువాదులు బాణామతి, చేతబడుల మీద చేసిన పోరాటం గొప్పది. ఎందరో ఆడవాళ్లను మంత్రగత్తెలని కొట్టి చంపకుండా అది కాపాడింది. కానీ ఆ ప్రచారంలో 'ఇదంతా హిస్టీరియా' అన్న మాట కూడా ఊళ్లలోకి వచ్చింది. హిస్టీరియా అన్న మాటకు మూలం గర్భసంచి అనే అర్థమున్న గ్రీకు పదం. దయ్యం పోయి మనసు వచ్చింది. ఆడదాని దేహం మాత్రం పరీక్ష బల్ల మీదికి రాలేదు.

పెద్దదేశాల్లోనూ ఇంతే. గుండె ఉన్నట్టుండి విపరీతమైన వేగంతో కొట్టుకునే ఎస్‌వీటీ అనే లయజబ్బున్న 107 మందిని పరిశీలించి 1997లో అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. సగానికి పైగా రోగుల్లో మొదటిసారి వైద్యులు జబ్బును గుర్తించలేకపోయారు. ఆ బాధను ఆందోళన, కంగారు ఖాతాలో వేయడం మగవాళ్లకంటే ఆడవాళ్ల విషయంలో రెట్టింపు జరిగింది. గుండె దడ అని మగవాడు చెబితే గుండె, ఆడది చెబితే దడ!

మందుల సంగతి ఇంకా ఘోరం. యుక్తవయసు తర్వాత స్త్రీల క్యూటీ సహజంగానే పురుషులకంటే కొంత ఎక్కువ. అందుకే లయ చెదరగొట్టే మందుల ప్రమాదం వాళ్లకు ఎక్కువ. గుండె మందులవల్ల ఇట్లా లయ చెదిరిన 332 కేసులను కూర్చి 1993లో చూస్తే 70 శాతం స్త్రీలే. 1977 నుంచి 1993 దాకా అమెరికాలో గర్భం రాగల వయసు స్త్రీలను తొలిదశ మందుల పరీక్షలకు దూరంగా ఉంచారు. పరీక్షలు మగవాళ్ల మీద, మందులు అందరి మీద! ఎసిడిటీకి వాడిన సిసాప్రైడ్ అనే మందును ఇదే కారణంతో అమెరికాలో 2000లో మార్కెట్ నుంచి తీసేశారు. మనదేశంలో నిషేధం 2011లో వచ్చింది. నేడు కూడా ఊళ్లలో వాంతులకు, దగ్గుకు, ఇన్ఫెక్షన్లకు ఆర్ఎంపీలు చీటీ లేకుండా ఇచ్చే మందుల్లో క్యూటీని పెంచేవి ఉన్నాయి. మామూలు మనిషికి అవి హాని చేయకపోవచ్చు. ఈ జబ్బున్న పిల్లకు, పైగా వాంతులు విరేచనాలతో ఒంట్లో పొటాషియం తగ్గి ఉన్నప్పుడు, అదే గోళీ ప్రాణం తీయవచ్చు.

మా ప్రాంతానికి ప్రత్యేకమైన ఇంకో విషయం చెప్పాలి. నిజామాబాద్ జిల్లాలో కల్లును డైజిపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్‌లతో కల్తీ చేయడం దశాబ్దాలుగా నడుస్తున్న వ్యాపారం. పగలంతా వంగి బీడీలు చుట్టిన ఆడవాళ్లు సాయంత్రం ఒక సీసా తాగితే నడుమునొప్పి తెలియకుండా నిద్రపడుతుంది. క్లోరల్ హైడ్రేట్ మోతాదు మించితే గుండె లయను చెదరగొడుతుంది. తాగే అలవాటు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ వస్తాయి. అట్లా పడిపోయిన ఆడమనిషిని చూసి 'తాగి పడ్డది' అని నవ్వి దాటిపోతారు. కల్లులో విషం కలిపినవాడి మీద రాని అసహ్యం పడిపోయిన ఆమె మీద వస్తుంది.

ఇక మిగిలింది 'రక్తం తక్కువుంది' అన్న మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే ఒక పెద్ద నేరం. దానికితోడు, సగానికి పైగా స్త్రీలకు వర్తించే ఈ మాట ఏ స్త్రీని గురించైనా విచారణను అక్కడితో ఆపేయడానికి పనికొస్తోంది. ఐరన్ గోళీలు చేతిలో పెట్టి పంపించేస్తారు.

చట్టం, పెళ్లి, చావు

ఫిట్స్ అన్న ముద్ర ఆడపిల్లకు రోగం పేరు కాదు, శిక్ష. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి ఉండవలసిన అర్హతల్లో మూర్ఛరోగం లేకపోవడం కూడా ఒకటిగా 1999 దాకా ఉండేది. ఆ ఏడాది సవరణతో ఆ మాటను తీసేశారు. చట్టంలోంచి పోయింది, పెళ్లిచూపుల్లోంచి పోలేదు. రోగం దాచి పెళ్లి చేశారన్న ఆరోపణతో పెళ్లి రద్దు కోరే భర్తలకు ఇప్పటికీ కొదవలేదు. మా పిల్లకు 2023లో ఒక సంబంధం ఈ ముద్రవల్లే తప్పిపోయింది. ఆమె చదువుకుంటానన్నది కాబట్టి దానికి నేను బాధపడలేదు. కానీ లేని రోగానికి గోళీలు మింగుతూ, ఉన్న రోగానికి వైద్యం లేక, ఆ ముద్రను మోస్తూ తిరిగింది. ఈ ముద్రకు భయపడే ఎన్నో ఇళ్లలో అసలు ఆసుపత్రికే తీసుకుపోరు.

ఇప్పుడు మనలాంటి సంఘాలవాళ్లకు ఇబ్బంది కలిగించే విషయం. కొత్తకోడలు చనిపోతే అత్తింటివాళ్లు చెప్పే మొదటి మాట 'గుండె ఆగి పోయింది'. మనం ఆ మాటను నమ్మం. నమ్మకూడదు కూడా. పెళ్లయిన ఏడేళ్లలోపు అనుమానాస్పదంగా చనిపోయిన స్త్రీకి శవపరీక్ష తప్పనిసరి చేసిన 1983 సవరణ, 1986లో వచ్చిన వరకట్న హత్య సెక్షన్ స్త్రీల ఉద్యమం సాధించుకున్నవి. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల్లోనూ అవి ఉన్నాయి. వాటిని ఒక్క అంగుళం కూడా వదులుకోనక్కర్లేదు. కానీ లయ తప్పి ఆగిన గుండెను శవపరీక్షలో కోసి చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి 'గుండె ఆగింది' అన్న మాట హంతకుడికి దాక్కునే చోటవుతుంది, నిజంగా జబ్బుతో పోయిన పిల్ల విషయంలో తోబుట్టువులకు అందాల్సిన హెచ్చరిక అందకుండా పోతుంది. రెండింటికీ విరుగుడు ఒకటే: బతికుండగా తీసిన ఈసీజీ కాగితం, చనిపోయాక తల్లిదండ్రులకు, తోబుట్టువులకు, పిల్లలకు తీసే ఈసీజీ. అది రోగికి రక్షణ, కేసుకు సాక్ష్యం కూడా.

2023 ఫిబ్రవరిలో మాకు గోదావరి అవతల, నిర్మల్ జిల్లా పార్డి గ్రామంలో పెళ్లి విందులో డాన్సు చేస్తూ 19 ఏళ్ల యువకుడు కూలిపోయి చనిపోయాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. మరుసటి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి బతికించే సీపీఆర్ శిక్షణ మొదలుపెట్టింది. మంచిదే. ఆ తల్లి కడుపుకోత ఏ తల్లికీ వద్దు. కానీ వంటింట్లో, బావిగట్టున, బీడీ చాట ముందు కూలిన ఆడపిల్లలను ఎవరు వీడియో తీశారు? వాళ్ల చావులు చూసి ఏ ప్రభుత్వం ఏ శిక్షణ మొదలుపెట్టింది?

మనం ఏం మరిచాం

తెలుగునాట స్త్రీల ఉద్యమం ఆరోగ్యాన్ని ఎప్పుడో రాజకీయ ప్రశ్నగా చేసింది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పేద స్త్రీల మీద ప్రయోగించబోతే అడ్డుకుని, 1986లో సుప్రీంకోర్టు దాకా తీసుకుపోయింది స్త్రీశక్తి సంఘటన. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం మన దేహాన్ని మనకు పరిచయం చేసింది. ఆ దారిలోనే నేనూ నడిచాను. అయితే పోరాటం ఎక్కువగా గర్భసంచి చుట్టూ జరిగింది. రాజ్యం మన గర్భసంచి మీదే దాడి చేసింది కాబట్టి అది అనివార్యం కూడా. కానీ మనకు నడుముపైన కూడా దేహముందన్న సంగతి మనమూ కొంత మరిచాం. చిన్న తెల్లబట్టకే గర్భసంచి కోసిపారేయడానికి ముందుకొచ్చే వైద్యం, పదేపదే పడిపోతున్న పిల్ల ఛాతీకి పది తీగలు పెట్టడానికి ముందుకు రాలేదెందుకని మనం గట్టిగా అడగలేదు.

నా స్నేహితురాళ్లు కొందరు అభ్యంతరం చెబుతారని తెలుసు. 'పడిపోయిన ప్రతి ఆడపిల్లనూ గుండెరోగిని చేసి కార్పొరేట్ ఆసుపత్రులకు అప్పజెబుదామా?' అని. న్యాయమైన భయమే. దానికి నా జవాబు ఇది. ఎండలో చాలాసేపు నిలబడి, ఆకలితో, రక్తం చూసి, ముందుగా చెమటలు పట్టి, కళ్లు మసకబారి, వికారమై పడిపోతే అది ఎక్కువసార్లు ప్రమాదంలేని మామూలు సొమ్మ. పడుకోబెట్టి కాళ్లు ఎత్తితే చాలు. కానీ పరుగెత్తుతూ పడినా, ఈత కొడుతూ పడినా, చప్పుడుకో భయానికో పడినా, కూర్చుని పడుకుని ఉండగా ఏ సూచనా లేకుండా పోయినా, ముందు గుండె విపరీతంగా దడదడలాడినా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయినా, పుట్టుచెవుడున్నా, బాలింతగా ఉండి పడినా అది ఆగి చూడాల్సిన సంగతి. మొదటి అడుగు ఈసీజీ మాత్రమే. ఐదు నిమిషాల పని. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన అన్ని లయజబ్బులూ లేనట్టు కాదు, కొన్ని శ్రమపడుతున్నప్పుడే బయటపడతాయి. కాబట్టి ఆ లక్షణాలుంటే నిపుణులు చూడాలి. మందు సైతం ఖరీదైనది కాదు. మా పిల్ల రోజూ వేసుకుంటున్నది ప్రొప్రనలాల్, ఎన్నో ఏళ్ల నాటి చౌక గోళీ. కొందరికి యంత్రం అమర్చాల్సి రావచ్చు, చాలామందికి అవసరం రాదు. మేం తొమ్మిదిమందిమి ఈసీజీ తీయించుకుంటే అమ్మకు, అక్కకు, నాకు కూడా క్యూటీ ఎక్కువని తేలింది. నేను ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది పరిశోధకురాలిగానే కాదు, రోగిగా కూడా.

అయితే ఆ ఐదు నిమిషాల పని ఆడపిల్లకు ఎంత దూరమో చెప్పాలి. ఈసీజీకి రవిక విప్పాలి. చాలాచోట్ల తీసేది మగమనిషి, గదికి తెర ఉండదు, తలుపు దగ్గర పదిమంది నిలబడి ఉంటారు. మా అక్క బిడ్డకు తీసినప్పుడు అక్క తన కొంగు పట్టుకుని తెరలా నిలబడింది. ఎందరు అత్తలు 'అసొంటి పరీక్షలు మనకొద్దు' అని కోడళ్లను వెనక్కి తీసుకుపోయారో లెక్క ఎక్కడుంటుంది? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. కానీ ఆ పథకం ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల కోసం. చేరకముందు, ఊళ్లో, జబ్బేమిటో తెలుసుకునే దశలో ఆడపిల్ల ఒంటరిదే. జపాన్‌లో 1973 నుంచి బడిపిల్లల గుండె పరీక్షలు ఒక పద్ధతిగా జరుగుతున్నాయి, 1995 నుంచి ఒకటో తరగతి పిల్లలందరికీ ఈసీజీ తీస్తున్నారు. మనం అంతవరకు అడగడంలేదు. పడిపోయిన పిల్లకైనా తీయమంటున్నాం.

అందుకని మన సంఘాలు ఈ కనీస డిమాండ్ల మీద నిలబడాలి.

స్పృహ తప్పి పడిపోయిన ఏ యువతికైనా, ఫిట్స్ గోళీలు మొదలుపెట్టేముందు ఈసీజీ తప్పనిసరిగా తీయాలి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈసీజీ యంత్రం, తీయడానికి శిక్షణ పొందిన స్త్రీ, తలుపున్న గది ఉండాలి. తెర సౌకర్యం కాదు, హక్కు.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గర్భిణులను, బాలింతలను అడిగే ప్రశ్నల్లో 'ఎప్పుడైనా పడిపోయారా, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా హఠాత్తుగా పోయారా' అన్నవి చేరాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే బృందాలూ ఇవి అడగాలి. చెవిటిపిల్లల బడుల్లో అందరికీ ఈసీజీ తీయాలి.

కారణం తేలని హఠాన్మరణం జరిగిన ఇంట్లో మిగిలినవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో పరీక్ష చేయాలి.

తీసిన ఈసీజీ కాగితం ఆమె చేతికి ఇవ్వాలి. భర్త చేతికో, అత్త చేతికో కాదు.

ఇవి పెద్ద ఖర్చుతో అయ్యేవి కావు. ఆడదాని మాటను నమ్మడంతో మొదలయ్యేవి. ప్రభుత్వం చేసేదాకా ఎదురుచూడకుండా మనం చేయగలిగింది కూడా ఒకటుంది. ఈ పత్రిక చదువుతున్న ప్రతి అక్కా, చెల్లే ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మన ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి చనిపోయిన ఆడమనిషి ఎవరు? ఆమె పడిపోతుండేదా? అప్పుడేమని చెప్పుకున్నారు? గాలి అన్నారా, నాటకమన్నారా, ఫిట్స్ అన్నారా? సమాధానం దొరికితే ఆమెకు ఏమీ చేయలేం. ఆమె రక్తం పంచుకుని ఇప్పుడు బడికో, కాలేజీకో, అత్తింటికో పోతున్న పిల్లకు చేయగలం.